గాలపు త్రాటి గ్రంథకర్త ఐజాక్ వాల్టన్

విశాఖ మన్యమున, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దాడితో చరిత్రకెక్కిన చింతపల్లి ప్రాంతమున, వెదురు కఱ్ఱకు దారము కట్టి, ఎఱ గ్రుచ్చి, గెడ్డ మడుగులో గాలము వేసి కూర్చుండు బాలురు నేటికిని కనబడుదురు. సంతలో కొన్న నైలాను దారము వారికి చాలును. దారము ఎంత లావుండవలెను, కొక్కెమును అంటియున్న కొన ఎంత సన్నముగా ఉండవలెను అను ప్రశ్నలకు వారు పుస్తకములు వెదకరు. చేప తెంపుకొని పోయినప్పుడెల్ల కొంత నేర్చుకొందురు. ఇంత చిన్న విషయమును శ్రద్ధతో గ్రంథస్థము చేసి, ఆ గ్రంథముతోనే చిరస్థాయియైన కీర్తి గడించినవాడు పదునేడవ శతాబ్దపు ఆంగ్లేయుడు ఐజాక్ వాల్టన్. అతడు పండితుడు కాడు, ప్రభువు కాడు. లండను నగరమున బట్టల దుకాణము నడపినవాడు.

వాల్టన్ 1593లో స్టాఫర్డ్ పట్టణమున జన్మించెను. నాలుగేండ్లయినను నిండకముందే తండ్రి గతించెను. కళాశాల ముఖము చూడక, చిన్నతనముననే లండను చేరి ఒక బంధువు వద్ద వర్తకము నేర్చెను. 1618లో ఇనుప వర్తకుల సంఘమున సభ్యత్వము పొందెను గాని, అమ్మినది ఇనుము కాదు. 1624 నాటి దస్తావేజు ఒకటి ఫ్లీటు వీధిలో అతనిది నారబట్టల దుకాణమని తెలుపుచున్నది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. నూలుపోగును వ్రేళ్లనడుమ నలిపి, వెలుతురుకు ఎత్తి చూచి మంచి చెడ్డలు తేల్చుట అతని నిత్యకృత్యము.

ఆ దుకాణమునకు సమీపమున సెయింట్ డన్‌స్టన్ దేవాలయమున్నది. ప్రసిద్ధ కవి జాన్ డన్ 1624లో అక్కడ మతాచార్యుడుగా వచ్చెను. బట్టల వర్తకునకు ఆ మహాకవితో స్నేహము కుదిరెను. డన్ 1631లో మరణించిన తరువాత అతని జీవితమును వ్రాయవలసిన సర్ హెన్రీ వాటన్ పని పూర్తికాకయే కన్నుమూసెను. వాటనునకై సామగ్రి సేకరించుచున్న వాల్టనే కలము పట్టవలసివచ్చెను. అది 1640లో అచ్చయ్యెను. తరువాత వాటన్, హుకర్, హెర్బర్ట్, శాండర్సన్ అను మరి నలుగురి చరిత్రలు వ్రాసెను. ఆంగ్ల వాఙ్మయమున జీవితచరిత్ర ప్రక్రియకు తొలి పునాదులు వేసినవారిలో అతని నెన్నుదురు. తాను ప్రేమించినవారి దోషములను అతడు కొంత కప్పిపుచ్చెనన్న మాట మాత్రము నిజమే.

ఇంటిలో మాత్రము ఆ సంవత్సరములు దుఃఖమయములు. 1626లో రేచెల్ అను ఆమెను పెండ్లాడెను. పుట్టిన బిడ్డలు ఏడుగురు. ఏడుగురును పసితనముననే పోయిరి. 1640లో భార్యయు పోయెను. డన్ చరిత్ర అచ్చుయంత్రము నుండి వెలువడిన ఏడే అతని ఇల్లు పూర్తిగా శూన్యమైనది. రెండేండ్లు తిరుగకమునుపే రాజునకును పార్లమెంటునకును యుద్ధము వచ్చెను. వాల్టన్ రాజపక్షమువాడు. అతని స్నేహితులైన మతాచార్యులు పదవులు పోగొట్టుకొనిరి. 1644 ప్రాంతమున అతడు వ్యాపారము విరమించెను. మరి రెండు మూడేండ్లకు ఆన్ కెన్ అను ఆమెను వివాహమాడగా, ఈమె బిడ్డలలో ఒక కుమార్తె, ఒక కుమారుడు బ్రదికిరి. 1649లో రాజు శిరచ్ఛేదము జరిగెను. 1651 సెప్టెంబరులో వూస్టరు యుద్ధమున ఓడి పారిపోయిన యువరాజు ఆభరణమొకటి, ప్రాణాపాయమని ఎఱిగియు, వాల్టన్ చేతులమీదుగా లండను టవరులో బందీయైయున్న రాజభక్తునకు చేరెను. శాంతమూర్తియని పేరుపడ్డవాడు చేసిన సాహసమిది.

ఇన్ని చూచిన మనుష్యుడు 1653లో, మన లెక్కకు షష్టిపూర్తి నాటి వయస్సున, చేపలు పట్టుటనుగూర్చి గ్రంథము వ్రాసెను. పేరు 'ది కంప్లీట్ ఆంగ్లర్'. వెల పదునెనిమిది పెన్నీలు. బాటసారితో జాలరి చేయు సంభాషణ రూపమున నడచు గ్రంథమది; రెండవ కూర్పునుండి బాటసారి స్థానమున వేటగాడు వచ్చెను. నడుమనడుమ పాటలు, పల్లె పూటకూళ్లయిండ్లు, వానకు పొద చాటున నిలుచుటలు. ఇందలి సరకంతయు సొంతమని చెప్పరాదు. 1577లో అచ్చయిన ఒక చిన్న పుస్తకమునకును దీనికిని దగ్గఱి పోలికలున్నవి. దాని ఏకైక ప్రతి 1950ల దశకమున వెలుగులోనికి వచ్చిన తరువాతనే ఈ సంగతి లోకమునకు తెలిసెను. కృత్రిమమైన ఈగలతో చేపలుపట్టు భాగమును చాలవఱకు థామస్ బార్కర్ అను వంటవాని పుస్తకమునుండి గైకొని, ఆ మాట వాల్టన్ ఒప్పుకొనెను.

ఈ ఈగల సంగతి కొంత వివరింపవలెను. ఇంగ్లండులోని చల్లని ఏళ్లలో ట్రౌటు అను చేప నీటిమీద వ్రాలు ఈగలను ఎగిరి పట్టును. ఈకలు, పట్టు, ఉన్ని చిన్న కొక్కెమునకు చుట్టి ఈగవలె భ్రమింపజేసి, దానిని నీటిపై విసరుట ఈ విద్య. ఈగకు బరువు లేదు. కావున విసరబడునది త్రాడే. అది మొదట లావుగా ఉండి క్రమముగా సన్నబడినచో విసురు కొనవఱకు సాగి, చివర ఈగ మెల్లగా వాలును. ఆ కొనపోగు లావైనచో నీటిమీద చప్పుడగును, చేప బెదరును; మఱీ సన్నమైనచో చేప తెంచుకొనిపోవును. ఈ రెంటి నడుమ ఎక్కడ నిలువవలెనన్నదే చిక్కు.

నాడు నైలాను లేదు. త్రాటికి ఆధారము గుఱ్ఱపు తోక వెండ్రుక. 1496లో ఇంగ్లండున అచ్చుపడినదియు, జూలియానా బెర్నర్స్ అను సన్యాసినికి ఆరోపింపబడునదియు నగు గ్రంథము ఒక్కొక్క చేపకు ఇన్నేసి వెండ్రుకలని లెక్క చెప్పెను: అతి చిన్న చేపకు ఒకటి, ట్రౌటునకు తొమ్మిది, సాల్మను చేపకు పదునైదు. బలము కావలెనన్న వెండ్రుకల సంఖ్య పెంచుటయే ఆ గ్రంథపు మార్గము.

వాల్టన్ చూపు వేఱు. అతడు సంఖ్యకంటె ముందు గుణమును అడుగును. గుండ్రముగా, స్వచ్ఛముగా, మచ్చలును గంట్లును లేక, గాజువన్నెతో సమముగానున్న ఒక్క వెండ్రుక, సరిగా ఎంచని మూడు గతుకుల వెండ్రుకలకు సాటియని అతని నిర్ణయము. నల్లని వెండ్రుకలు సాధారణముగా గుండ్రముగనే ఉండునట. తెల్లనివానిలో పెక్కు చదునైనవి, ఎగుడుదిగుడైనవి. కావున మంచి తెల్లని కుచ్చు దొరికినచో పదిలముగా దాచుకొనవలెను. ఈగ గాలమునకు కొన మూడు నాలుగు వెండ్రుకలకు మించరాదు. ఒక్కదానితో పట్టగల నేర్పున్నచో మఱిన్ని చేపలు లేచునని అతని అనుభవము.

గ్రంథము చివరి అధ్యాయమున త్రాడు పేనుట నేర్పు పుటలున్నవి. అక్కడ బట్టల దుకాణపు వ్రేళ్లు స్పష్టముగా కనబడును. వెండ్రుకలను ముందుగా కడుగవలెను. పేటలో కలుపునవి అన్నియు ఒకే లావువి కావలెను. సమానమైనవి బరువు పడినప్పుడు కలసి సాగును, తెగినను కలసియే తెగును. అసమానమైనవి ఒంటరిగా, ఒకదాని వెనుక నొకటిగా తెగిపోవును. పేనిన పేటలను కనీసము పావుగంట నీట నానవేసి, మరల పేని, ఆ పిమ్మటనే ముడివేయవలెను. లేనియెడల మొదటి దినము నీట తడియగానే ఒకటి రెండు వెండ్రుకలు ముడుచుకొని తక్కినవానికంటె పొట్టివగును. బరువంతయు వానిమీదనే పడును. త్రాటి బలములో అంతమేరకు నష్టము. క్రొత్త బట్ట మొదటి ఉతుకున కుదించుకొనునని ఎఱుగని వర్తకుడు ఈ మాట వ్రాయజాలడు. చింతపల్లి కొండలలో గుఱ్ఱపు వెండ్రుకకు బదులు చెట్ల నారలున్నవి. జీలుగు మట్టల మొదటనుండు నల్లని నార మిక్కిలి గట్టిది. ఆ నారతో త్రాడు పేనువానికిని ఈ నియమము వర్తించును. రంగు వేయుటకు కూడ వాల్టన్ ఒక పాకము చెప్పెను: ఘాటైన బార్లీ మద్యము, పొగమసి, అక్రోటు ఆకుల రసము, పటిక. వీనిని కాచి చల్లార్చి వెండ్రుకలను నానవేసినచో అవి నీటివన్నెలో కలసిపోవును.

ఈగ గాలమున వాల్టన్ స్వయముగా అంత ప్రవీణుడు కాడు. అతడు ప్రధానముగా ఎఱ వేయువాడు. ఆ లోపమును తీర్చినవాడు చార్లెస్ కాటన్. ముప్పదియేడేండ్లు చిన్నవాడు, కవి, అప్పులపాలైన జమీందారు, వాల్టనును తండ్రిగా భావించినవాడు. డవ్ నది ఒడ్డున 1674లో అతడు కట్టించిన చిన్న మందిరపు గుమ్మముపై ఇద్దఱి నామాక్షరములు పెనవేసి చెక్కించెను. 1676లో, వాల్టనునకు ఎనుబదిమూడేండ్లప్పుడు, మనవారు సహస్రచంద్రదర్శనము చేసికొను ఈడున, అయిదవ కూర్పు కాటన్ వ్రాసిన రెండవ భాగముతో వెలువడెను. కొక్కెమునకు ప్రక్కన రెండు వెండ్రుకలు, ఆపై మూడు, ఆపై నాలుగు అను విధముగ త్రాడు కఱ్ఱవైపునకు క్రమముగా లావెక్కవలెనని కాటన్ కొలతలు చెప్పెను. చెట్లును నాచును అడ్డులేని నదిలో, రెండు వెండ్రుకలతో ఇరువది అంగుళముల ట్రౌటును పట్టజాలనివాడు గాలగాడే కాడని అతని పంతము. తొమ్మిదినుండి రెండునకు దిగిన ఈ దూరములోనే విద్య పెరిగిన తీరు తెలియుచున్నది. నాడు కఱ్ఱకు దారపు చక్రము కట్టు వాడుక అరుదు. త్రాడు కఱ్ఱకొనకే ముడివేయబడును. పెద్ద చేప లాగినచో కఱ్ఱనే నీటిలోనికి వదలి, అది అలసిన పిమ్మట తీసికొనవలెనని వాల్టన్ సలహా.

ఈ కోమల గ్రంథమును నిందించినవారును కలరు. కవి బైరన్ తన 'డాన్ జువాన్' కావ్యమున వాల్టనును క్రూరుడని తిట్టెను. బ్రదికియున్న కప్పను కొక్కెమునకు గ్రుచ్చు విధమును, దానిని ప్రేమించుచున్నట్లే గ్రుచ్చవలెనను హితవును చదివినప్పుడు, బైరన్ కోపము నిష్కారణమని చెప్పుట కష్టము.

పదునెనిమిదవ శతాబ్దమున వెండ్రుక స్థానమున పట్టుపురుగు తంతువు ప్రవేశించెను. స్పెయినులోని ముర్సియా దానికి ప్రసిద్ధి. 1938లో నైలాను ప్రకటింపబడిన తరువాత అదియు వెనుకబడెను. నేటి కొనపోగులకు సంఖ్యలున్నవి. 0ఎక్స్ అనగా అంగుళమున వేయింట పదునొకండు వంతుల మందము. సంఖ్య ఒకటి పెరిగిన ఒక వంతు తగ్గును. కావున 5ఎక్స్ వేయింట ఆరు వంతులు. కొక్కెపు సంఖ్యను మూడుచే భాగించినచో తగిన పోగు సంఖ్య సుమారుగా వచ్చును: 12వ సంఖ్య కొక్కెమునకు 4ఎక్స్. గణితోపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా ఇయ్యవచ్చును. అయితే ట్రౌటు మన మన్యపు గెడ్డలలో దొరకదు. నీలగిరులలోను, కాశ్మీరమునను విదేశమునుండి తెచ్చి వదలినవే యున్నవి.

రెండవ భార్యయు 1662లో మరణింపగా, వాల్టన్ తక్కిన జీవితమును చాలవఱకు బిషప్ జార్జి మార్లీ ఆశ్రయమున గడపెను. 1658లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మహాపండితుడైన కాసోబన్ సమాధిఫలకముపై తన పేరు పొడియక్షరములను, సంవత్సరమును గీకివచ్చెను. అవి నేటికిని అక్కడ కలవు. బల్లలపై పేర్లు చెక్కు విద్యార్థులను దండించు ఉపాధ్యాయులు, అరువదియైదేండ్ల ఈ అపరాధిని ఏమి చేయుదురో!

1683 డిసెంబరు 15న వించెస్టరులో, తొంబదేండ్లు నిండిన పిమ్మట, అతడు కన్నుమూసెను. ఆ నగరపు ప్రధాన దేవాలయమున సమాధి చేసిరి. మరణమునకు కొలది నెలల ముందు స్వహస్తముతో వ్రాసి, డన్ ఇచ్చిన ముద్రతో ముద్రించిన వీలునామాలో, పుట్టిన ఊరైన స్టాఫర్డునకు ఒక వ్యవసాయక్షేత్రపు ఆదాయమును విడిచెను. దానిలో కొంత బీదబాలురకు పని నేర్పించుటకు, కొంత పేదలకు బొగ్గు కొనుటకు. బొగ్గు జనవరి చివరి వారమునగాని, ఫిబ్రవరి మొదటి వారమునగాని పంచవలెనని ప్రత్యేకముగా వ్రాసెను. పేదలకు అదియే అన్నిటికంటె గడ్డుకాలమని అతనికి తెలియును.