జస్టస్ వాన్ లీబిగ్

జస్టస్ వాన్ లీబిగ్ (మే 12, 1803 - ఏప్రిల్ 18, 1873) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. వ్యవసాయ రసాయన శాస్త్రమునకు ఆద్యులలో ఒకడుగా పేరుగాంచాడు. నేలలో పోషకము ఉండుట వేరు, అది పైరుకు అందుట వేరు అను విషయము లోకమునకు తెలియుటకు ఈయన సిద్ధాంతములతోపాటు, ఈయన రూపొందించిన ఎరువు వైఫల్యము కూడా కారణమైనది.

బాల్యము, విద్యాభ్యాసము

లీబిగ్ డార్మ్‌స్టాట్ పట్టణములో జన్మించాడు. తండ్రి రంగులు, రసాయన ద్రవ్యముల వర్తకుడు. ఆయన పనిశాలలోనే లీబిగ్‌కు ప్రయోగములపై ఆసక్తి కలిగింది. బాన్, ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయములలో చదివి, 1822లో పారిస్ వెళ్ళి గే-లుసాక్ వద్ద పరిశోధన చేశాడు. అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ సిఫారసుతో 1824లో, 21 ఏళ్ళ వయసులో, గీసెన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడయ్యాడు. అక్కడి ప్రయోగశాలకు పలు దేశములనుండి విద్యార్థులు వచ్చేవారు.

వ్యవసాయ రసాయన శాస్త్రము

మొక్కలకు ముఖ్యాహారము నేలలోని కుళ్ళిన జీవపదార్థమేనని ఆ కాలమున పలువురు నమ్మేవారు. మొక్కలు కర్బనమును గాలినుండి, పొటాష్, భాస్వరము, సున్నము వంటి ఖనిజములను నేలనుండి గ్రహించునని లీబిగ్ 1840లో ప్రచురించిన గ్రంథములో వాదించాడు. అవసరమైన పోషకములలో ఏది అన్నింటికంటె కొరతగా ఉన్నదో దానిని బట్టియే దిగుబడి నిర్ణయమగును. మిగిలినవి ఎంత సమృద్ధిగా ఉన్నను ఆ లోటు తీరదు. దీనినే కనిష్ఠ సూత్రము అంటారు. కార్ల్ స్ప్రెంగెల్ 1828 నాటికే ఈ భావనను ప్రతిపాదించినా, దానికి ప్రాచుర్యము కల్పించినది లీబిగ్.

ఎరువు వైఫల్యము

1845లో లీబిగ్ సూత్రము ప్రకారము తయారైన పేటెంటు ఎరువు ఇంగ్లాండులో అమ్మకమునకు వచ్చింది. పొటాష్ వాన నీటికి కొట్టుకొనిపోవునని భయపడి, లవణములను సున్నముతో కలిపి కరిగించి, నీటిలో సులభముగా కరగని గట్టి పదార్థముగా మార్చారు. ఫలితముగా పోషకములు నేలలోనే ఉన్నను వేళ్ళకు అందలేదు. పైరు పెరగలేదు.

1850లో ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త జె. థామస్ వే, నేల అమ్మోనియా, పొటాష్‌లను తనలో పట్టి ఉంచుకొని, వాటికి బదులుగా సున్నమును విడిచిపెట్టునని ప్రయోగపూర్వకముగా నిరూపించాడు. లీబిగ్ భయము నిరాధారమని తేలింది. గాలిలోని అమ్మోనియాయే పైరుకు చాలునన్న ఆయన వాదమును కూడా రోథామ్‌స్టెడ్ క్షేత్రములో జాన్ బెన్నెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ తమ ప్రయోగములతో ఖండించారు. గిల్బర్ట్ గీసెన్‌లో లీబిగ్ శిష్యుడే. వారితో వివాదము చాలాకాలము సాగింది. అయితే ఎరువును కరగకుండా చేయుట పొరపాటని లీబిగ్ తన గ్రంథపు 1862 నాటి ముద్రణలో అంగీకరించాడు.

చివరి దశ

1852లో మ్యూనిక్ విశ్వవిద్యాలయమునకు మారి, 1873లో ఆ నగరములోనే మరణించాడు. గీసెన్ విశ్వవిద్యాలయమునకు ఈయన పేరు పెట్టారు. నేటి భూసార పరీక్షలు నేలలోని మొత్తము భాస్వరమును, పొటాష్‌ను కాక, పైరుకు లభ్యమగు భాగమునే లెక్కించుటకు ప్రయత్నించును. సున్నపు నేలలలో భాస్వరము సున్నముతోను, ఆమ్ల నేలలలో ఇనుము, అల్యూమినియములతోను కలిసి మొక్కకు అందకుండా పోవుటయే ఇందుకు ఒక కారణము.