మధురై జైలు తర్వాత మొదలైన చదువు



ఈ నెల మీకు పరిచయం చేస్తున్న మనిషి మన రాజమండ్రిలో పుట్టారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మీకు కొత్తేమీ కాదు. రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు, పద్మవిభూషణ్. మీ పిల్లలు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో చదివేది ఇంతవరకే. ఆ వరుసకు ముందున్న చీకటి రోజుల గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

1909 జూలై 15న పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. పన్నెండేళ్లప్పుడు ఇంగ్లీషు మీడియం వద్దని బడి మానేశారు. (మన పత్రికలో ఈ సంగతి రాయడం కాస్త ఇబ్బందే, కానీ జరిగింది అదే!) ఊరుకోలేదు, ఆడపిల్లలకు హిందీ బడి పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ప్రదర్శన గేటు దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపిన కథ మీరు వినే ఉంటారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిని తాను ఒప్పుకోలేనని చెప్పేశారు. నాన్నగారు కూతురి వైపే నిలబడ్డారు. ఆయన చిన్న వయసులోనే పోయారు.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం, ఆపైన జైళ్లు. అన్నిటికంటే కష్టమైనది మధురై జైలు. దాదాపు ఏడాది ఒంటరి ఖైదు. చుట్టుపక్కల గదుల్లో ఉరిశిక్ష పడిన ఖైదీలు. మాట్లాడే తోడు లేదు, వినిపించేది వాళ్ల ఏడుపే. బయటికి వచ్చేసరికి ఒంట్లో శక్తి లేదు, మనసు కుదురుగా లేదు.

అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. మళ్లీ ఉద్యమంలోకి వెళ్తే జనం నెత్తిన పెట్టుకునేవారు. ఆమె అటు వెళ్లలేదు. పన్నెండేళ్లప్పుడు వదిలేసిన చోటికి వెనక్కి వెళ్లి, పుస్తకాలు తెరిచి మెట్రిక్‌కు చదవడం మొదలుపెట్టారు. మన పిల్లలకు ఒక్క ఏడాది వృథా అయితే మనం ఎంత హడావుడి పడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆమెకు పోయినవి పన్నెండేళ్లు.

కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసయ్యారు. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్తే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. తనలాంటి అమ్మాయిలను కూడగట్టి హాస్టల్ ఏర్పాటు చేయించుకుని మరీ బి.ఏ. చేశారు. 1942లో మద్రాసులో లా పూర్తయింది. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ తొలి పని ఏమిటో తెలుసా? మద్రాసులోని తెలుగు అమ్మాయిలకు తాను రాసిన ఆ కాశీ మెట్రిక్ పరీక్షకే పాఠాలు చెప్పడం.

తర్వాతివి మీకు తెలిసినవే: 1946లో రాజ్యాంగ సభ, ఆపైన ప్రణాళికా సంఘం, 1953లో చింతామణ్ దేశ్‌ముఖ్‌తో తన ఇష్టప్రకారం పెళ్లి. 1981లో కన్నుమూశారు.

ఒక సంగతి మాత్రం పాఠాల్లో కనిపించదు. చిన్నప్పటి పెళ్లి నుంచి ఆమె బయటికి వచ్చాక ఆ భర్త మరో పెళ్లి చేసుకున్నారు. 1941లో ఆయన పోయాక ఆ రెండో భార్య దిక్కులేనిదయ్యారు. దుర్గాబాయి ఆమెను ఆంధ్ర మహిళా సభకు తెచ్చుకుని, తన దగ్గరే ఉంచుకుని, ఒక పని నేర్పించారు.