ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు

1956 నవంబరులో మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వకీలు సాబులకు పెద్ద మార్పే వచ్చింది. అంతదాకా ఇక్కడి అప్పీళ్ళు మూసీ ఒడ్డున ఉన్న హైదరాబాదు హైకోర్టుకు పోయేవి. గుంటూరులోని ఆంధ్ర హైకోర్టు కూడా వచ్చి అందులో కలిసింది. ఉర్దూ మిసిళ్ళతో పెరిగిన మన వకీళ్ళకు అప్పటినుంచి పెద్ద జడ్జి కోకా సుబ్బారావు గారు.

ఆయన 1902 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. మద్రాసులో లా చదివి అక్కడే ప్రాక్టీసు పెట్టారు. భార్య సోదరుడు రాజమన్నార్ గారు మద్రాసు ప్రధాన న్యాయమూర్తి అయిన 1948లోనే ఈయనా హైకోర్టు జడ్జి అయ్యారు. చుట్టరికం పనిచేసిందేమో అనుకునేవాళ్ళు ఉంటారు. తీర్పులు చదివితే ఆ అనుమానం నిలవదు. 1954లో గుంటూరు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి, 1958 జనవరి 31న సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు.

అమెరికాలో ప్రెసిడెంటు జడ్జి పేరు చెబితే సెనేటు ఒప్పుకోవాలి. మన రాజ్యాంగంలో అది లేదు. రాష్ట్రపతి, అంటే అసలుకు మంత్రివర్గం, ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి నియమించాలి. సుప్రీంకోర్టులో అందరికంటె సీనియరే ప్రధాన న్యాయమూర్తి కావాలన్నది రాతలో లేదు, ఆనవాయితీ మాత్రమే. ఆ ఆనవాయితీ ప్రకారమే 1966 జూన్ 30న సుబ్బారావు గారికి ఆ పదవి దక్కింది.

ప్రభుత్వానికి ఆయన తలవంచే మనిషి కాదు. 1962లో ఖరక్ సింగ్ కేసులో పోలీసుల నిఘా మొత్తమే చెల్లదని, మనిషికి ఏకాంతం హక్కేనని విడిగా తీర్పు రాశారు. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు ఆ మాటే నిజమన్నారు. 1967 ఫిబ్రవరి 27న పంజాబు భూముల గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు అయ్యారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో కూడా తగ్గించరాదని సుబ్బారావు గారి పక్షం తేల్చింది. జాగీర్లు రద్దయిన గడ్డ మనది, పాత భూచట్టాలు పోతాయేమోనని ఎవరికైనా భయం పుట్టేదే. అయితే ఆయన ఆ తీర్పును ఇకముందుకే వర్తింపజేశారు, వెనకటివాటిని కదపలేదు.

రిటైరు కావటానికి మూడు నెలలుందనగా, 1967 ఏప్రిల్ 11న, రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. ఎదుటివారు హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్. మే 6న పోలింగు. జాకిర్ సాహెబ్‌కు 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971 ఓట్ల విలువ వచ్చింది. ఇది మతాల పోటీ కానేకాదు. కానీ నిన్నటి దాకా సర్కారుపై తీర్పు చెప్పిన పెద్దమనిషి నేడు సర్కారు మీద పోటీకి దిగటం నా మనసుకు ఎక్కదు. తీర్పులు నచ్చనివాళ్ళకు ఒక సాకు చేతికిచ్చినట్టయింది.

అయినా ఆనవాయితీ అప్పుడు తెగలేదు. గోలక్‌నాథ్‌లో ఎదురు తీర్పు రాసిన వాంఛూ గారు సీనియారిటీ మీదే వచ్చారు. 1968లో హిదాయతుల్లా సాహెబ్ కూడా అంతే. తెగింది 1973 ఏప్రిల్‌లో. షెలత్, హెగ్డే, గ్రోవర్ గార్లను దాటించి ఎ.ఎన్.రే గారిని కూర్చోబెట్టారు. ముగ్గురూ రాజీనామా ఇచ్చారు. నియామకాల్లో పైచేయి జడ్జీలకు రావటానికి 1993 తీర్పు దాకా ఆగాల్సివచ్చింది.

1977 జనవరిలో ఖన్నా గారికీ అదే జరిగింది. ఎమర్జెన్సీలో నిర్బంధితులు కోర్టుకెక్కే హక్కు పోలేదని ఒంటరిగా రాసినందుకు ఆయన మూల్యం చెల్లించారు. పదవి పొందిన బేగ్ సాహెబ్ మన కౌమువారే. అంతమాత్రాన ఆ పని న్యాయమని నేననలేను.

సుబ్బారావు గారు అది చూడలేదు. ఖన్నా గారు ఒంటరిగా మిగిలిన ఆ తీర్పు 1976 ఏప్రిల్ 28న వచ్చింది. ఎనిమిది రోజులకు, మే 6న, ఆయన కన్నుమూశారు. రాష్ట్రపతి పోలింగు జరిగి ఆరోజుకు సరిగ్గా తొమ్మిదేళ్ళు.