ముప్పై రూపాయల కేసు

గాంధీగారనగానే దండి యాత్ర, లక్షల జనం గుర్తుకొస్తారు. వైవా గది బయట నిలబడ్డప్పుడల్లా నాకు మాత్రం ఇరవై రెండేళ్ళ మోహనదాసు గుర్తుకొస్తాడు.

లండన్ శాకాహార సంఘంలో నోరు పెగలక, తాను వ్రాసుకెళ్ళిన కాగితాన్ని ఇంకొకరు చదవాల్సి వచ్చిన మనిషి. 1891లో బారిస్టరై తిరిగొచ్చాడు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు, ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచాడు. తల తిరిగింది. ఒక్క ప్రశ్నా తోచలేదు. చతికిలబడి, కేసు వేరే వకీలుకిమ్మని చెప్పి బయటపడ్డాడు. ఆ వకీలు 51 రూపాయలు పుచ్చుకున్నాడు! కక్షిదారు గెలిచిందో ఓడిందో కూడా మనవాడికి తెలీదు. దక్షిణాఫ్రికా వెళ్ళేదాకా మళ్ళీ కోర్టులో వాదించలేదు.

1893లో అక్కడ దాదా అబ్దుల్లా గారి దావా. 40,000 పౌండ్ల వ్యవహారం, అంతా లెక్కలే. ఈయనకా, ‘పీ నోట్’ అంటే ఏమిటో తెలీదు. పుస్తకం కొని జమాఖర్చులు నేర్చుకున్నాడు, దస్తావేజులన్నీ తిరగేశాడు. నన్నడిగితే ధైర్యం వచ్చింది ఆ లెక్కల పుస్తకంలోంచే. ఆ ప్రిటోరియాలోనే, భారతీయ వర్తకుల ముందు, వ్యాపారంలో నిజాయితీ గురించి మొదటిసారి నిలబడి ఉపన్యసించాడు. ముందే విషయం సిద్ధం చేసుకుని వెళ్ళాడు లెండి. దావా చివరకు మధ్యవర్తుల దగ్గర తేలింది, ఇరుపక్షాలూ తృప్తిపడ్డాయి.

బిడియం మాత్రం పూర్తిగా పోలేదని గాంధీగారే ఆత్మకథలో ఒప్పుకున్నారు. కొత్త సభ ఎదురైతే తరవాత కూడా జంకేవారట.