ప్లగ్ వెనక ఒక అప్రెంటిస్

బండి ఎంతకీ స్టార్ట్ కాకపోతే మీ నాన్నగారు ఏం చేసేవారో గుర్తుందా? పాత స్కూటర్ల రోజుల్లో స్పానర్‌తో ప్లగ్ ఊడదీసి, పట్టిన మసిని గరుకు కాగితంతో రుద్ది, ఉఫ్‌మని ఊది, మళ్లీ బిగించి కిక్ కొట్టేవారు. ఆ ప్లగ్ మీద చాలామంది చూసిన పేరు మైకో. దాని వెనక ఉన్నది జర్మనీకి చెందిన రాబర్ట్ బాష్ కంపెనీ. ఈ నెల మీకు ఆయన కథ చెబుతున్నది ప్లగ్ కోసం కాదు, ఆయన చదువు కోసం.

బాష్ 1861లో ఊల్మ్ పట్టణం దగ్గరి ఆల్బెక్ అనే పల్లెలో పుట్టారు. పన్నెండు మంది పిల్లల్లో పదకొండోవాడు. తండ్రి సత్రం నడిపేవారు. పిల్లవాడికి మొక్కలు, జంతువులంటే ఇష్టం, పై చదువు మీద మాత్రం ఆసక్తి లేదు. మెకానిక్ పని నేర్చుకుంటావా అని తండ్రి అడిగితే సరే అన్నాడు. పదో తరగతి అయ్యాక ఎంపీసీనా, బైపీసీనా అని మీరడిగితే మీ అబ్బాయి కూడా ఇలాగే తలూపి ఉంటాడు.

1876 నుంచి మూడేళ్లు ఊల్మ్‌లో అప్రెంటిస్‌గా చేశాడు. నేర్పాల్సిన యజమాని షాపులో కనిపించేదే తక్కువ. కుర్రవాడికి అబ్బింది కొంచెమే. ఆ మూడేళ్ల వెలితిని ఆయన జీవితాంతం మరిచిపోలేదు.

తర్వాత ఎన్నో వర్క్‌షాపుల్లో పనిచేశారు. కొన్నాళ్లు స్టట్‌గార్ట్ సాంకేతిక కళాశాలలో కూర్చుని పాఠాలు విన్నారు. డిగ్రీ రాలేదు కానీ, టెక్నికల్ మాటలంటే భయం పోయింది. (పిల్లల్ని కాలేజీ మాన్పించమని మేం చెప్పడం లేదండీ!) 1884లో అమెరికా వెళ్లి ఎడిసన్ కంపెనీలో చేరారు, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో పనిచేశారు. 1886లో స్టట్‌గార్ట్‌లో సొంత వర్క్‌షాపు తెరిచారు. అందులో ఉన్నది ఒక మెకానిక్, పైపనులకు ఒక కుర్రాడు.

ఆ షాపులో పని నేర్చుకున్నవారిలో గాట్లోబ్ హోనోల్డ్ ఒకరు. అక్కడ అప్రెంటిస్‌గా చేసి, తర్వాత ఇంజినీరింగ్ చదివి, 1901లో మళ్లీ బాష్ దగ్గరికే వచ్చారు. అప్పట్లో కార్లకు పెద్ద తలనొప్పి ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించడం. సిలిండర్ లోపల రెండు లోహపు ముక్కలు కలిసి విడిపోతుంటే రవ్వ వచ్చేది. వాటిని కదిలించడానికి కడ్డీలు కావాలి, ఆ కడ్డీలు ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో రకంగా అమర్చాలి. ఆ కదిలే భాగాలే లేకుండా చేయమని బాష్ హోనోల్డ్‌కు పని అప్పగించారు. ఆయన వేల వోల్టుల కరెంటు పుట్టించే మాగ్నెటోను, ఆ కరెంటుతో చిన్న ఖాళీలో రవ్వ దూకించే ప్లగ్‌ను జతగా తయారు చేశారు. 1902 జనవరిలో పేటెంటు వచ్చింది. స్పార్క్ ప్లగ్ లాంటిది అంతకుముందూ ఉంది, 1860 నాటి లెన్వార్ ఇంజిన్‌లోనే. అయితే వేగంగా తిరిగే కారు ఇంజిన్‌కు నమ్మకంగా పనిచేసింది ఈ జత. కంపెనీ దశ తిరిగింది దీనితోనే. సరిగా నేర్పే గురువు దొరకని మనిషి షాపులో నేర్చుకున్న కుర్రవాడే దాన్ని తయారు చేశాడు. మాకు ఈ కథలో నచ్చింది ఇదే.

1906లోనే బాష్ తన ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల పనిదినం పెట్టారు. 1913లో అప్రెంటిస్‌ల కోసమే విడిగా ఒక వర్క్‌షాపు కట్టించారు. అక్కడ నేర్పడమే మొదటి పని, ఉత్పత్తి తర్వాతి మాట. సొంతింట్లో మాత్రం కష్టం తప్పలేదు. వారసుడవుతాడనుకున్న కొడుకు దీర్ఘకాలం జబ్బుపడి 1921లో చనిపోయాడు.

ఆయన చివరి రోజుల గురించీ దాచకుండా చెప్పాలి. నాజీల కాలంలో బాష్ యూదులకు సాయం చేశారు, హిట్లర్ వ్యతిరేకులకు అండగా నిలిచారు. అదే సమయంలో ఆయన ఫ్యాక్టరీలు యుద్ధ సామగ్రి తయారుచేశాయి, వాటిలో బలవంతంగా తెచ్చిన కార్మికులూ పనిచేశారు. 1942 మార్చిలో ఆయన కన్నుమూశారు.

మైకో, అంటే మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, బెంగళూరులో మొదలైంది 1951లో. అక్కడ ప్లగ్‌లతో పాటు అప్రెంటిస్‌లకు ఒక శిక్షణ కేంద్రం కూడా వచ్చింది.