ఊరి కథలు కూడబెట్టిన మెకంజీ
స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో 1754లో పుట్టిన కోలిన్ మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యం తరఫున మద్రాసు వచ్చారు. భూములు సర్వే చేస్తూనే ఊళ్ల చరిత్ర సేకరించారు.

ఆయనకు స్థానిక భాషలు రావు. ఆ భారం మోసింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వారి బృందం ఊరూరా తిరిగి కరణాలను అడిగి, కవిలెలు చూసి, శాసనాలకు నకళ్లు తీసి కైఫీయతులు సిద్ధం చేసింది. ఊరు ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, కరణీకం ఎవరిది వంటి సంగతులు వాటిలో కనిపిస్తాయి. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే చనిపోయినా పని ఆగలేదు.

1815లో భారత తొలి సర్వేయర్ జనరల్ అయిన మెకంజీ 1821లో కలకత్తా దగ్గర కన్నుమూశారు. ఆ సేకరణను కంపెనీ ఆయన భార్య నుంచి లక్ష రూపాయలకు కొన్నది. పని కొనసాగిస్తానన్న లక్ష్మయ్యను మాత్రం, భారతీయుడికి అంత సామర్థ్యం ఉండదంటూ పక్కన పెట్టారు.

శిథిలమవుతున్న కైఫీయతులకు తర్వాత సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించారు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో అవి ఉన్నాయి. కొన్ని జిల్లాలవి పుస్తకాలుగానూ వచ్చాయి. తాతముత్తాతల ఊరి పేరు తెలిస్తే చాలు, వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.