సొంత పక్షాన్నే లెక్క అడిగిన మనిషి – ఫిరోజ్ గాంధీ

ఫిరోజ్ గాంధీ పేరెత్తితే మనలో చాలామంది నెహ్రూగారి అల్లుడనీ, ఇందిరాగాంధీ భర్త అనీ, రాజీవ్ గాంధీ తండ్రి అనీ చెప్పి ఊరుకుంటారు. ఆ మూడూ నిజమే. అయితే ఒక మనిషిని అతని చుట్టరికాలతోనే కొలిచి పక్కన పెట్టెయ్యడం న్యాయం కాదని నా అభిప్రాయం. ప్రజల సొమ్ముకు కాపలా కాయడమంటే ఏమిటో, అధికారపక్షం బెంచీల మీద కూర్చుని ఆ పక్షాన్నే నిలదీయడమంటే ఏమిటో స్వతంత్ర భారతదేశంలో చేసి చూపించినవాడాయన. ఆ కథనే ఈ నాలుగు పుటల్లో నాకు తోచినట్టు చెప్పదలచుకున్నాను.

ఆయన 1912 సెప్టెంబరు 12న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టాడు. మహాత్మాగాంధీకీ ఆయనకూ బంధుత్వమేమీ లేదు. తండ్రి జహంగీర్ ఓడల ఇంజనీరు. తండ్రి పోయాక తల్లి రతిమాయి పిల్లలను వెంటబెట్టుకుని అలహాబాదు చేరింది. అక్కడ ఆమె తోబుట్టువు డాక్టర్ షిరీన్ కమిసారియట్ లేడీ డఫ్రిన్ ఆసుపత్రిలో సర్జన్. ఫిరోజ్ చదువూ సంధ్యా ఆ ఇంటి నీడలోనే సాగాయి.

1930లో ఆయన ఈవింగ్ క్రిస్టియన్ కాలేజీ విద్యార్థి. అంటే మనలాంటివాడే. ఆ ఏడు ఉప్పు సత్యాగ్రహం దేశమంతా రగులుతోంది. కమలా నెహ్రూ మరికొందరు స్త్రీలతో కలిసి ఆ కాలేజీ ముందు పికెటింగ్ చేస్తూ ఎండదెబ్బకు సొమ్మసిల్లి పడిపోయింది. చూస్తూ కూర్చున్న కుర్రవాళ్ళలోంచి ఫిరోజ్ లేచి వెళ్ళి ఆమెకు సాయపడ్డాడు. మర్నాడే చదువుకు స్వస్తి చెప్పి ఉద్యమంలో దిగాడు. అదే ఏడు ఫైజాబాద్ జైలుకు వెళ్ళాడు. అక్కడ తోటి ఖైదీ ఎవరో తెలుసా? లాల్ బహదూర్ శాస్త్రి. తరువాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివాడు. 1942 మార్చి 26న ఇందిరతో పెళ్ళయింది. ఈ పెళ్ళి నెహ్రూగారికి మొదట అంత ఇష్టం లేదు. ఆ ఏడాదే క్విట్ ఇండియా ఉద్యమంలో కొత్త దంపతులిద్దరూ జైలు పాలయ్యారు. దేశానికి స్వరాజ్యం దగ్గరపడుతున్న 1946లో ఫిరోజ్ లక్నో వెళ్ళి నేషనల్ హెరాల్డ్ పత్రిక యాజమాన్యపు బాధ్యత తీసుకున్నాడు. జమాఖర్చుల పుస్తకాలతో పరిచయమన్నది ఆ పనిలో ఎంతో కొంత అయ్యే ఉంటుంది.

1952లో రాయబరేలీ ప్రాంతం నుంచి కాంగ్రెసు అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మామగారు ప్రధానమంత్రి. ఇక ఏం కావాలి? ఇంకొకరైతే మంత్రి పదవి కోసం చూసేవారు. ఈయన మాత్రం వెనక బెంచీలో కూర్చుని చాలాకాలం పెద్దగా నోరు విప్పలేదు. విప్పిన రోజున మటుకు సభ నిర్ఘాంతపోయింది.

ఆ రోజు 1955 డిసెంబరులో వచ్చింది. విషయం జీవిత బీమా. అప్పటికి మన దేశంలో బీమా వ్యాపారమంతా ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండేది. బీమా అంటే ఏమిటి? ఒక గుమాస్తా, ఒక బడిపంతులు నెల నెలా కడుపు కట్టుకుని ప్రీమియం కడతాడు. తను పోయాక పెళ్ళాం పిల్లలు వీధిన పడకూడదని అతని ఆశ. అలాంటి లక్షలమంది చిన్న మొత్తాలు కలిసి కోట్లవుతాయి. ఆ కోట్లు పాలసీదారులవే గాని, తాళంచెవి మాత్రం డైరెక్టర్ల దగ్గర ఉంటుంది. ఆ డైరెక్టరే ఇంకో పది కంపెనీలకు యజమాని అయితే, ఈ డబ్బు ఆ కంపెనీల్లోకి, షేర్ల జూదంలోకి చడీచప్పుడు లేకుండా జారిపోవచ్చు. కాగితం మీద చూస్తే అది పెట్టుబడి, లోపల చూస్తే ఖజానా ఖాళీ.

భారత్ ఇన్సూరెన్స్ కంపెనీలో జరిగింది ఇదే. దాని అధిపతి రామకృష్ణ దాల్మియా ఆనాటి కోటీశ్వరుల్లో ఒకడు. ఆ కంపెనీ నిధులు రెండు కోట్లకు పైగా పక్కదారి పట్టిన వైనాన్ని, దాల్మియా–జైన్ సంస్థల్లో డబ్బు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఎలా చేతులు మారిందో ఆ వివరాన్నంతా ఫిరోజ్ అంకెలతో సహా సభ ముందు పరిచాడు. దాల్మియా మీద కేసు నడిచింది, రెండేళ్ళ జైలుశిక్ష పడింది, 1962లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. దీనికంటే పెద్ద ఫలితం ఇంకొకటుంది. 1956 జనవరి 19న ఆర్డినెన్సు తెచ్చి ప్రభుత్వం జీవిత బీమాను తన చేతిలోకి తీసుకుంది. మొత్తం 245 సంస్థలు కలిసి ఆ సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. ఏర్పడింది. పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో నెలకొల్పిన ఆంధ్రా ఇన్సూరెన్స్ వారి జీవిత బీమా కూడా అందులోకే వెళ్ళింది. ఇవాళ మన ఇళ్ళల్లో బీరువా అడుగున భద్రంగా దాచుకున్న పాలసీ కాగితాలకు మూలం వెతుక్కుంటూ పోతే, అందులో ఫిరోజ్ ప్రసంగం కూడా తగులుతుందన్నమాట.

ఈ వ్యవహారంలో ఆయనకు ఇంకొక లోపం కనిపించింది. పార్లమెంటులో సభ్యుడు ఏది మాట్లాడినా అతని మీద దావా వెయ్యడానికి వీల్లేదు. కాని ఆ మాటలనే అచ్చువేసిన పత్రికకు ఆ రక్షణ లేదు. డబ్బున్నవాడు పరువునష్టం దావా పడేస్తే సంపాదకుడు కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. మరి సభలో మాట్లాడింది సభ గోడలు దాటకపోతే ప్రజలకేం లాభం? అందుకని ఆయనే ఒక ప్రైవేటు బిల్లు పెట్టి నెగ్గించాడు. అదే 1956 నాటి పార్లమెంటు కార్యకలాపాల ప్రచురణ రక్షణ చట్టం. ప్రైవేటు సభ్యుల బిల్లు చట్టమవడం మన దేశంలో ఎంత అరుదంటే, ఇప్పటివరకు అయినవి 14 మాత్రమే, చివరిది 1970 నాటిది.

ఇక అందరికీ తెలిసిన ముంద్రా వ్యవహారం. ప్రైవేటువాళ్ళు తింటున్నారు, సర్కారు చేతికొస్తే అంతా సర్దుకుంటుందని అనుకున్నవాళ్ళకు రెండేళ్ళు తిరక్కుండానే కనువిప్పయింది. 1957 జూన్‌లో ఎల్.ఐ.సి. కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల షేర్లు కొన్నది. పెట్టిన సొమ్ము సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలు. ఆ కంపెనీల్లో చాలావాటి స్థితి బాగోలేదు, ముంద్రాకు మార్కెట్లో మంచి పేరూ లేదు. పెట్టుబడి విషయాలు చూడడానికి ఎల్.ఐ.సి.కి ఒక కమిటీ ఉంది, దాన్ని ముందుగా సంప్రదించనే లేదు. పైగా చెల్లించింది మార్కెట్ ధర కంటే ఎక్కువ!

1957 డిసెంబరు 16న ఫిరోజ్ ఈ సంగతి సభలో ఎత్తాడు. ఏ షేరు ఏ ధరకు కొన్నారు, ఎవరు చెబితే కొన్నారు, కమిటీ ఎందుకు కూర్చోలేదు అని వరసపెట్టి అడిగాడు. ఎదుట ఉన్నదెవరు? సొంత పార్టీకి చెందిన ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి. నెహ్రూగారికి బాగా కావలసినవాడు. ఆ ప్రభుత్వానికి పెద్ద మామగారే. ఇంట్లో మాట మాట పెరుగుతుందని తెలుసు, పార్టీలో ముఖాలు మాడతాయని తెలుసు. అయినా అడిగాడు.

సభలో గొడవ ముదరడంతో ప్రభుత్వం విచారణకు ఒప్పుకోక తప్పలేదు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాను ఏకసభ్య కమిషన్‌గా వేశారు. ఆయన తలుపులు మూసుకుని విచారించలేదు. అందరి ఎదుటా బహిరంగంగా సాక్ష్యం తీసుకున్నాడు. జనం విరగబడి వస్తే బయట లౌడు స్పీకర్లు పెట్టించాడు. ఏళ్ళూ పూళ్ళూ సాగదీయకుండా కొద్ది వారాల్లోనే నివేదిక ఇచ్చేశాడు. కార్యదర్శి చేసిన పనికి మంత్రి నేను ఎరగనని తప్పించుకోలేడు, రాజ్యాంగరీత్యా బాధ్యత మంత్రిదేనన్నది ఆ నివేదికలో తేలిన ముఖ్యాంశం. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా ఇచ్చాడు. నెహ్రూగారు మనసొప్పకుండానే దాన్ని అంగీకరించారు. ముంద్రా జైలుకు వెళ్ళాడు.

ఫిరోజ్ అక్కడితో ఆగలేదు. టెల్కో కంపెనీ రైలు ఇంజన్లకు జపాను ధర కంటే దాదాపు రెట్టింపు వసూలు చేస్తోందని బయటపెట్టి, దాన్ని జాతీయం చెయ్యాలన్నాడు. టాటాలూ పార్సీలే, తనూ పార్సీయే. అక్కడా మనవాళ్ళు కదా అని చూడలేదు. 1959లో కేరళ ప్రభుత్వాన్ని రద్దు చేసినప్పుడు కాంగ్రెసు అధ్యక్షురాలు ఆయన భార్యే, అయినా దాన్ని వ్యతిరేకించాడు.

ఈ ధైర్యం ఊరికే రాలేదు. ఇల్లు రెండిళ్ళయింది. భార్యాపిల్లలు ప్రధాని నివాసంలో, ఆయన ఎం.పి. క్వార్టర్లో. 1958లో గుండెపోటు వచ్చింది. 1960 సెప్టెంబరు 8న రెండోసారి వచ్చి, ఢిల్లీ వెల్లింగ్డన్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఇంకో నాలుగు రోజులుంటే 48 ఏళ్ళు నిండేవి.

ఆయన పోయాక కథ రెండు దారులు పట్టింది. 1962లో కె. సంతానం అధ్యక్షతన అవినీతి నిరోధక సంఘాన్ని వేశారు, దాని సిఫార్సు మీద 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ పుట్టింది. ఇది ఒక దారి. ఇక రెండోది. ఫిరోజ్ తెచ్చిన పత్రికా రక్షణ చట్టాన్ని ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబరులో, ఆర్డినెన్సుతో రద్దు చేశారు. రద్దు చేసిన ప్రభుత్వానికి ప్రధాని ఎవరో నేను చెప్పనక్కరలేదు. 1977లో కొత్త ప్రభుత్వం మళ్ళీ ఆ చట్టాన్ని తెచ్చింది, 1978 నాటి 44వ సవరణతో ఆ రక్షణ రాజ్యాంగంలోకే ఎక్కింది. మంచి చట్టం తేవడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం మరో ఎత్తు!

నేను ఈ ఏడాది మన యూనియన్ కోశాధికారిని. మన రాబడి విద్యార్థులు కట్టిన ఫీజు, మన ఖర్చు వార్షికోత్సవం, ఆటలు, ఈ సావనీరు. దేశపు ఖజానా ముందు ఇది ఆవగింజంత. కాని సూత్రం ఒక్కటే: సొమ్ము ఒకరిది, తాళంచెవి ఇంకొకరిది. మన జనరల్ బాడీలో నేను గమనించింది ఏమిటంటే, ఓడిపోయిన ప్యానెల్‌వాళ్ళు అరుస్తారు, గెలిచిన ప్యానెల్‌వాళ్ళు చప్పట్లు కొడతారు. గెలిచిన ప్యానెల్‌లోంచి లేచి ఫలానా రసీదు ఏదీ అని అడిగేవాడు ఉండడు. అడిగితే ద్రోహి అనేస్తారేమోనని భయం. ఫిరోజ్ జీవితం చెప్పేదేమిటంటే, ఎదుటిపక్షం అడిగే లెక్కకు సగం బలం ఉంటుంది, సొంత పక్షంవాడు అడిగే లెక్కకు పూర్తి బలం ఉంటుంది. ఎందుకంటే దాన్ని రాజకీయం అని కొట్టిపారెయ్యడం కుదరదు.

ఆయన చేతిలో పదవి లేదు, పోలీసులు లేరు, ఏ ఆడిటు శాఖా ఆయన కింద లేదు. ఉన్నవల్లా ఓపికగా చదివిన కాగితాలు, సభలో ప్రశ్న వేసే హక్కు. ఆ హక్కు మనకీ ఉంది. ఈసారి జనరల్ బాడీ సమావేశంలో జమాఖర్చుల పట్టిక బల్ల మీద పెడతాను, వెనకాలే రసీదుల ఫైలు కూడా ఉంటుంది. మిత్రులారా, నాకు ఓటు వేసినవారే ముందుగా వచ్చి చూడండి.